అక్కులు కడుపులో గుబులు

పెట్టిన అన్నం పెట్టినట్టే వదిలేశావు. రేపు స్కూల్లో స్టేజి ఎక్కి పద్యం చెప్పాలనే కదూ? భయమేసినా, సంబరం ఎక్కువైనా కడుపులో సీతాకోకచిలుకలు ఎగురుతున్నాయంటారట ఇంగ్లీషు వాళ్ళు, మీ టీచరు చెప్పిందన్నావు. బాగానే ఉంది. మనం మాత్రం గుబులు అంటాం. ఇటు జరుగు, దుప్పటి నాకూ కాస్త వదులు. కథ చెబుతాను, ఊఁ కొట్టు.

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో మనుషుల కంటే పురుగులే ఎక్కువ. ఛీ అని మొహం తిప్పకు, అవి పట్టుపురుగులు. మీ అమ్మ పెళ్ళిచీర వాటి చలవే. ఇంటింటికీ ఒక పురుగుల గది, గది నిండా వెదురు తట్టలు, తట్టల నిండా మల్బరీ ఆకు నమిలే పురుగులు.

ఆ ఊళ్ళో చౌడమ్మ అని ఒకావిడ ఉండేది. మొగుడు పోయాడు. ఉన్నది ఒక్కతే కూతురు, ఏడేళ్ళ అక్కులమ్మ. అందరూ అక్కులు అనేవాళ్ళు. ఆ పిల్లకి అన్నిటికీ గుబులే. ఉరిమితే గుబులు, కొత్త మనిషి వస్తే గుబులు, పండక్కి కొత్త పావడా కట్టినా గుబులే. కడుపులో ఏదో రెక్కలు టపటపలాడించినట్టుండేది. అప్పుడు చౌడమ్మ నవ్వి దగ్గరికి తీసుకునేది.

"ఏం లేదు పాపా. పొట్ట మీద చెయ్యి పెట్టి ఊరుకో అని చెప్పు. అదే ఊరుకుంటాది."

అక్కులు అలాగే చేసేది. అది నిజంగానే ఊరుకునేది.

చౌడమ్మ ఇంకో సంగతి కూడా నేర్పింది. పట్టుపురుగు గూడు కట్టేలోపు నాలుగుసార్లు నిద్రపోతుంది. మేత మానేసి, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. అప్పుడు దాన్ని ముట్టుకోకూడదు. మేత వేయకూడదు, తడి తగలనివ్వకూడదు, గదిలోకి బయటివాళ్ళని రానివ్వకూడదు. నిద్ర తీరాక పాత చర్మం విడిచి అదే లేస్తుంది. ముందే కదిపితే చచ్చిపోతుందని, మనం ఊరికే కాచుకుని ఉండాలని కూతురికి చెప్పింది. అక్కులు ఆ మాటలన్నీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకుంది.

ఒక ఏడాది పురుగులు నాలుగో నిద్రకు వెళ్ళే రోజుల్లో చౌడమ్మకు ఒళ్ళు కాలిపోవడం మొదలైంది. ఎవరికీ చెప్పలేదు. చెబితే పడుకోమంటారు, తను పడుకుంటే ఆకు ఎవరు కోస్తారు? మూడు రోజులు అలాగే ఆకు కోసింది, తట్టల్లో వేసింది. నాలుగో రోజు తెల్లారేసరికి పురుగులన్నీ నిద్రకు వెళ్ళాయి. హమ్మయ్య అనుకుని ఆమె కూడా తట్టల పక్కనే చాప వేసుకుని ఒరిగింది. కాసేపు లేపొద్దని అక్కులుకు చెప్పింది.

మధ్యాహ్నమైంది. అమ్మ లేవలేదు, అన్నం తినలేదు. అప్పుడు అక్కులు కడుపులో రెక్కలు కొట్టుకున్నాయి. పిల్ల పురుగుల వైపు చూసింది. అవీ తినడం లేదు, అవీ కదలడం లేదు. అమ్మకు కూడా అలాంటి నిద్రే వచ్చింది కాబోలు అనుకుంది. పొట్ట మీద చెయ్యి పెట్టి ఊరుకో అంది.

సాయంత్రమైంది. అమ్మ పెదాలు ఎండిపోయాయి. ఏదో గొణిగింది. అక్కులు చెంబుతో నీళ్ళు తెచ్చి, దగ్గర కూర్చుని, తడి తగలకూడదన్న మాట గుర్తొచ్చి చెంబు పక్కన పెట్టేసింది. ఈసారి రెక్కలు గట్టిగా కొట్టుకున్నాయి. రెండు చేతులూ పొట్ట మీద పెట్టి ఊరుకో, ఊరుకో అంది. ఆ రాత్రి గుమ్మానికి అడ్డంగా పడుకుని కాపలా కాసింది పిచ్చితల్లి.

మర్నాడు పొద్దున్నే పక్కింటి సుంకమ్మవ్వ చేట అడగడానికి వచ్చింది. అక్కులు గుమ్మంలో చేతులు చాపి నిలబడింది. పురుగులు నిద్రలో ఉన్నాయనీ, అమ్మ కూడా పడుకుందనీ, లోపలికి రావద్దనీ చెప్పింది. పాపం చౌడమ్మ అలిసిపోయిందనుకుని అవ్వ వెనక్కి తిరిగింది. అవ్వ సందు మలుపు తిరుగుతుంటే అక్కులు గుమ్మం దిగి రెండడుగులు వేసింది. పిలవాలనిపించింది. నోరు తెరిచింది కూడా. పిరికిదాన్ని కదా, నాకన్నీ ఇంతే అనుకుని మళ్ళీ పొట్ట నొక్కుకుంది.

పొద్దు వాలే వేళకి పురుగులు లేచాయి. ఒక్కొక్కటే చర్మం విడిచి, మేత కోసం తలలు ఆడించాయి. అక్కులు సంబరం చెప్పనలవి కాదు. పరిగెత్తి ఆకు తెచ్చి తట్టల నిండా పరిచింది. వాన పడుతున్నట్టు నమిలే చప్పుడు మొదలైంది. ఆ తర్వాత అన్నం ముద్ద కలిపి అమ్మ నోటి దగ్గర పెట్టింది.

"అన్నీ లేచినాయి మా. నువ్వూ లెయ్యి."

చౌడమ్మ లేవలేదు. అప్పుడు కడుపులో రెక్కలు ఏ చేతికీ ఆగలేదు. అక్కులు ముద్ద అక్కడే వదిలేసి సుంకమ్మవ్వ ఇంటికి పరిగెత్తింది.

అవ్వ వచ్చి నుదురు ముట్టుకుని గుండెలు బాదుకుంది. మనుషులు వచ్చి చౌడమ్మను వైద్యుడి దగ్గరికని బండిలో పడుకోబెట్టారు. బండి మల్బరీ తోటలు దాటకముందే ఆమె ప్రాణం పోయింది. ఒక్క పూట ముందు తెలిసుంటే బతికేదేమో అని ఎవరో అన్నారు. అవ్వ వాళ్ళ నోరు మూయించింది గానీ, ఆ మాట అక్కులు వినేసింది.

అవ్వ పిల్లను తనింటికి తీసుకెళ్ళింది. అక్కులు మాట్లాడటం మానేసింది. పెట్టింది తినేది, గోడ వైపు తిరిగి పడుకునేది. అటు అవ్వ ఆకు వేస్తుంటే పురుగులు గూళ్ళు కట్టేశాయి. పట్టుగూడును వేడినీళ్ళలో వేసి దారం తీస్తారు, లోపలిది బయటికి రాకముందే. అవ్వ మాత్రం ఒక్క గూడు తీసి, ఇది మీ అమ్మ పెంచిందని అక్కులు చేతిలో పెట్టింది.

పది రోజులకు ఆ గూట్లోంచి తెల్లగా, సీతాకోకచిలుక లాంటిది బయటికొచ్చింది. దానికి రెక్కలున్నాయి గానీ ఎగరడం రాదు. ఉన్నచోటే పొద్దంతా రెక్కలు కొట్టుకుంటూ ఉంది. అక్కులు దాన్ని అరచేతిలోకి తీసుకుని పొట్ట దగ్గర పెట్టుకుంది. అన్ని రోజులకి అప్పుడు నోరు విప్పింది.

"అవ్వా, నా కడుపులో ఉండేది ఇదే. ఇది చెప్తానే ఉండె. నేనే ఊరుకోమంటి."

అవ్వ పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

"మీయమ్మ నేర్పించిందే చేసినావు పాపా. నీ తప్పు లేదు, మీయమ్మ తప్పూ లేదు. ఈసారి అది కొట్టుకుంటే నన్ను పిలువు. ఏంటికని నేను అడగను."

ఆ తర్వాత అక్కులు ఎన్నోసార్లు అవ్వను పిలిచింది. ఒకసారి ఉరిమిందని, ఒకసారి పీడకల వచ్చిందని, ఒకసారి ఎందుకో తనకే తెలియక. అవ్వ ఒక్కసారి కూడా విసుక్కోలేదు, ఏంటికని అడగలేదు.

అక్కులు పెద్దదైంది. ఎవరి గురించైనా కడుపులో గుబులు పుడితే, చేస్తున్న పని వదిలేసి వాళ్ళింటికి వెళ్ళి పలకరించి వచ్చేది. ఊరికే వచ్చిందని నవ్వినవాళ్ళు చాలామంది. వేళకి వచ్చావని చేతులు పట్టుకున్నవాళ్ళూ కొందరున్నారు. తిరిగొచ్చేటప్పుడు మల్బరీ తోట దగ్గర ఆగి, ఈసారి ఊరుకోమనలేదమ్మా అని చెప్పుకునేది. కొంగులోకి ఆకు కోసుకుని ఇంటికి పోయేది.

ఏడుస్తున్నావా తల్లీ? మా అమ్మ నాకీ కథ చెప్పినప్పుడు నేనూ ఏడ్చాను. పొట్ట మీద చెయ్యి తీసెయ్యి. రేపు పద్యం మధ్యలో మర్చిపోతావనా? అందరూ నవ్వుతారనా? ఏదైనా సరే, చెప్పు. ఎందుకని నేను అడగను.

కథ పోయె కంచికి,
గుబులు వచ్చె నోటికి,
నిద్ర వచ్చె కంటికి,
మనమిద్దరం ఒకే దుప్పటికి.