తాళం వేసిన గది

నెల్లూరులో జిప్సం బోర్డుల పని చేసే కోటిలింగానికి అతుకుల బెంగ పట్టుకుంది. రెండు బోర్డులు కలిసే చోట టేపు అంటించి, మీద పుట్టీ పూసి, ఎమెరీ పేపరుతో రుద్ది, అద్దంలా వచ్చిందని మురిసిపోయేవాడు. సాయంత్రం కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడేసరికి అతుకు ఇక్కడుందని గోడే గీత గీసి చూపించేది.

పని నేర్పిన మస్తానయ్య మేస్త్రీ గోడల్లో మాత్రం ఏ వెలుగులో వెతికినా అతుకు దొరికేది కాదు.

మేస్త్రీ ఏదో దాస్తున్నాడని కోటిలింగం అనుమానం. ఒకరోజు ఆయన డబ్బాలోంచి పుట్టీ దొంగిలించి తన గోడకి పూశాడు. గీత పడింది. ఇంకోరోజు ఆయన బ్లేడు కాజేశాడు. మళ్లీ గీత పడింది.

ఇక మిగిలింది ఒకటే. మొదటి పూత కాగానే మస్తానయ్య అందరినీ బయటికి పంపి, గదికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకునేవాడు. మర్నాడుగానీ తీయడు. అంటే అందరూ వెళ్లాక తిరిగొచ్చి లోపల ఏదో చేస్తున్నాడన్నమాట. లేకపోతే ఖాళీ గదికి తాళమెందుకు?

ఇంతలో కళ్లాసుపత్రి పని వచ్చింది. "ఒక గది పూర్తిగా నీదే. గీత కనపడకపోతే ఇకమీదట నువ్వూ మేస్త్రీవే. కనపడిందా, ఇంకో ఏడాది బోర్డులు మొయ్యి" అన్నాడు మస్తానయ్య. ముప్పై నాలుగేళ్లొచ్చి, ఇంకా బోర్డులు మొయ్యడమంటే కోటిలింగానికి ఏడుపొచ్చినంత పనయింది.

మర్నాడు పొద్దున మస్తానయ్య తన గదికి మొదటి పూత ముగించి, తాళం వెయ్యబోయాడు. కోటిలింగం ఇక ఉండబట్టలేకపోయాడు.

"లోపల ఏం చేస్తారు మేస్త్రీ? ఆరేళ్ల నుంచి మీ వెంట తిరుగుతున్నా. నా దగ్గర కూడా దాపరికమేంది?"

మస్తానయ్యకి కోపం రాలేదు. "చూస్తావా?" అని అతన్ని గదిలోకి తోసి, బయట తాళం వేశాడు.

లోపల తడి పుట్టీ వాసన తప్ప ఏమీ లేదు. కోటిలింగం మూలమూలా వెతికాడు. దొంగ దోవ ఉందేమోనని కిటికీ కదిలించి చూశాడు. గోడకి ముక్కు ఆనించి వాసన చూశాడు. ఇందులో ఏం కలిపాడో, ఆరుతోందో లేదో అని వేలితో నొక్కాడు. కాసేపాగి ఇంకోచోట నొక్కాడు. మధ్యాహ్నం తలుపు సందులోంచి అన్నం క్యారేజీ లోపలికొచ్చింది, మళ్లీ తాళం పడింది. తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ నొక్కాడు.

సాయంత్రం మస్తానయ్య తలుపు తీశాడు.

"ఎవరన్నా వచ్చారా?"

"ఎవరూ రాలేదు మేస్త్రీ."

మస్తానయ్య వైరుకున్న బల్బు వెలిగించి గోడకి ఆనించి పట్టుకున్నాడు. అతుకు పొడవునా వేలి గుంటలు, పైనుంచి కిందదాకా.

కోటిలింగం చూపుడువేలు చూసుకున్నాడు. దాని కొసన పుట్టీ ఎండి తెల్లగా ఉంది. ఇన్నేళ్లూ తను ఆరనివ్వకుండా నొక్కి, గుంట పడిన చోటల్లా మళ్లీ పూసిన గోడలన్నీ వరసగా గుర్తొచ్చాయి. సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

"నా చెయ్యి కూడా ఊరుకోదురా" అన్నాడు మస్తానయ్య. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి అతని చేతిలో పెట్టాడు.

"రేపు నీ గదికి మొదటి పూత. కాగానే తాళం వేసుకో."

గడప దాటబోతూ వెనక్కి తిరిగాడు.

"బయటినుంచి."