రాతలో వచ్చిన కుళాయి

బిందెలు ఎక్కువై, నీళ్ళు తక్కువైన ఒక మెట్ట ఊరుండేది. విచిత్రం, ఆ ఊరి పంచాయతీకి వెబ్‌సైట్ కూడా ఉండేది. అందులో రాతలు మార్చే పని ఆఫీసు ఊడ్చే పైడమ్మకే అప్పగించాడు ప్రెసిడెంటు పరాంకుశం. గడిలో రాయడం, బటను నొక్కడం, అంతే కదా అని.

ఒకనాడు పిలిచి, "గొట్టాలు పాతాం కదా, ఇంటింటికీ కుళాయి వచ్చిందని రాయి. పై ఆఫీసరు చూస్తాడు" అన్నాడు.

"నీళ్ళు రాలేదు కదా బాబూ?"

"రాతకి నీళ్ళెందుకే?"

పైడమ్మకి ట్యాంకరు గుర్తొచ్చింది. ఊరికి నీళ్ళు తెచ్చేది అదొక్కటే. కుళాయిలున్న ఊరికి ట్యాంకరెందుకని ఆ ఆఫీసరు ఆపేస్తే, ఇంటికొచ్చే ఆ రెండు బిందెలూ ఉండవు.

సాయంత్రం ప్రెసిడెంటు ఫోను చూసి మండిపడ్డాడు. "ఏదే? ఎక్కడా కనబడదే?"

"రాసి లోపల దాచాను బాబూ. బటను నొక్కితేనే బయటికి కనబడుద్ది."

"మరి నొక్కు."

"నొక్కేస్తాను. రేపట్నుంచి ట్యాంకరు మీ వీధికీ రాదు. అమ్మగారికి ఈ ఫోనే ఇచ్చి, ఇందులో నీళ్ళు పట్టుకోమని చెప్పనా?"

పరాంకుశం ఫోను జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

గెలిచిన పైడమ్మ ఖాళీ బిందెతో ట్యాంకరు వరసలో నిలబడింది. ఆ రాత ఇప్పటికీ లోపలే ఉంది. గొట్టాలూ మట్టి లోపలే ఉన్నాయి. రెండింటిలోనూ చుక్క నీరు లేదు.