తొమ్మిది వందల నలభై గ్రాములు

దైవసహాయం గారికి ఒక అలవాటు ఉండేది. విద్యార్థి అడిగిన ప్రశ్న మామూలుదైతే పుస్తకంలో పేజీ నంబరు చెప్పి పంపేసేవారు. మంచిదైతే నోటితో ఏమీ చెప్పేవారు కాదు, కంటితో చూడనిచ్చేవారు. విశ్వవిద్యాలయంలో ముప్పై ఏళ్లుగా డిజైనూ, లోహాల గుణాలూ బోధిస్తున్న మనిషి. ఆయన నోట పేజీ నంబరు రాలేదంటే ఆ పూట అక్కణ్నుంచి కదలకూడదని పిల్లలందరికీ తెలుసు.

కోమలికి మాత్రం అంత ఓపిక లేదు. పేరుకే కోమలి. డిబేట్లలో ఎదుటివాళ్లు మంచినీళ్ల గ్లాసు ఎత్తేలోగా వాళ్ల వాదనను చీల్చి చేతికిచ్చే పిల్ల. ఆ మధ్యాహ్నం ఒక చేత్తో మడత స్టూలు, ఇంకో చేత్తో పోటీ దరఖాస్తు పట్టుకుని ప్రయోగశాలలోకి వచ్చింది. రోడ్డు పక్కన పూలూ కూరలూ అమ్ముకునే ఆడవాళ్లు సంచిలో వేసుకుపోవడానికి చేసిన స్టూలు అది. సన్నటి అల్యూమినియం గొట్టాలు, పైన పల్చటి రేకు. రాష్ట్రం మొత్తం నుంచి వచ్చినవాటిలో అన్నిటికన్నా తేలికైన మూడింటినే తుది పోటీకి పిలుస్తారు. కోమలిది తొమ్మిది వందల నలభై గ్రాములు తూగింది. నాలుగింటిలోగా గురువు సంతకంతో పంపితే పిలుపు ఖాయం.

ఆయన లెక్కల కాగితాలు తిరగేశారు. "ఎన్ని రెట్లు వేశావు?"

"ఒకటింబావు."

"నేను చెప్పింది మూడు."

మీద పడే బరువుకు మూడు రెట్లు మోసేలా వస్తువును గీయాలన్నది ఆయన మొదటి పాఠం నుంచీ చెబుతున్న నియమం. కోమలి ఆ మాట కోసమే కాచుకుని ఉంది.

"ఎనభై కిలోల మనిషి. వస్తుంది, కూర్చుంటుంది, అంతే. మెషీను మీద నిలువునా వంద కిలోలు పెట్టి చూశాను, చెక్కుచెదర్లేదు. మూడు రెట్లు వేస్తే గొట్టాలు లావెక్కుతాయి, స్టూలు కిలోన్నర దాటుతుంది, పోటీ పోతుంది. లెక్క సరైనదైతే మిగతాదంతా దేనికి సార్? అది ఇంజినీరింగా, భయమా?"

ప్రయోగశాలలో ఉన్న నలుగురు విద్యార్థులూ తలలెత్తారు. పేజీ నంబరు వస్తుందేమోనని చూశారు. రాలేదు.

"స్టూలు అలా గోడ పక్కన పెట్టు. నాలుగు దాకా టైముందిగా," అని ఆయన జవాబు పత్రాలు దిద్దుకోవడంలో పడ్డారు.

కోమలి ఎదురు బల్ల మీద చేతులు కట్టుకు కూర్చుంది. ఎవరో ఒకరు వచ్చి కూర్చోకపోరు, స్టూలుకు ఏమీ కాదు, అదే తన జవాబవుతుందని అనుకుంది. గంట గడిచింది. ఒక్కరూ కూర్చోలేదు. స్టోరు గుమాస్తా వచ్చి ఇనుప కడ్డీల కట్టను దాని మీద దబ్బున పడేసి, చెమట తుడుచుకుని, మళ్లీ ఎత్తుకుపోయాడు. పక్క విభాగం లెక్చరర్ ఒకాయన ఫోనులో మాట్లాడుతూనే దాని అంచు మీద బూటుకాలు పెట్టి లేసు కట్టుకున్నాడు. స్టూలు ఓ పక్కకి ఒరిగి మళ్లీ నిలబడింది.

"కూర్చోవడానికండీ అది!" అంది కోమలి.

"బాగుందమ్మా, చాలా బాగుంది," అని ఆయన వెళ్లిపోయాడు.

మూడున్నరకు గదులు ఊడ్చే మంగతాయారు బూజుకర్రతో వచ్చింది. కిటికీ పైన బూజు అందలేదు. అటూ ఇటూ చూసి, స్టూలును పాదంతో జరుపుకుని, కుచ్చిళ్లు ఎగదోపి పైకెక్కింది. ఒళ్లున్న మనిషి. ఎక్కి ఊరుకోలేదు. మూల అందడానికి ఒంటికాలి మీద, అంచుకు వచ్చి, ఒళ్లంతా సాగదీసింది. ఒంటికాలు, అంచు, సాగిన ఒళ్లు: ఇవేవీ కోమలి కాగితాల్లో లేవు.

తను ఎప్పుడు లేచిందో, మధ్యలో ఉన్న బల్లను ఎలా దాటిందో ఆమెకే తెలియదు. చూసుకునేసరికి నేల మీద మోకరిల్లి, రెండు చేతులతో స్టూలు కాళ్లను బిగించి పట్టుకుని ఉంది. అరచేతుల్లో గొట్టాలు సన్నగా వణుకుతున్నాయి.

"ఏంది పాపా, దొంగను పట్టుకున్నట్టు పట్టుకున్నావు?"

"దిగండి ముందు! అది ఎక్కడానికి కాదు."

"ఆ మాట దీని మొహాన రాసుందా?" అంది మంగతాయారు పైనుంచే. "ఎట్టాగూ పట్టుకున్నావుగా, ఆ పక్క కూడా దులిపేస్తా. వదలమాకు, నీకు పుణ్యముంటది."

కోమలి వదల్లేదు. బూజు రాలి జుట్టు మీద పడుతున్నా తల తిప్పలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. తిరిగి అనడానికి మాటలు బోలెడున్నాయి ఆమె దగ్గర; చేతులే ఖాళీ లేవు.

మంగతాయారు దిగి, కర్ర భుజాన వేసుకుని, పక్క గదికి పోయింది. స్టూలు విరగలేదు. ఒక్క గొట్టమైనా వంగలేదు. కోమలి ఆ సంగతి చూసింది. చూశారా సార్ అనబోయి, జుట్టులో బూజు దులుపుకుంది. నాలుగుకు పది నిమిషాలుందనగా దరఖాస్తు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

దైవసహాయం గారు కలం మూత తీశారు. స్టూలు బరువు రాసిన గడి దగ్గర ఆగారు.

"తొమ్మిది వందల నలభై," అని పైకి చదివి, ఎర్రగా కమిలిన ఆమె అరచేతుల వంక చూశారు. "నీ రెండు చేతులూ ఎంత తూగుతాయమ్మా? అవి కూడా కలిపి రాయి, సంతకం పెడతాను."