గంగులు చోటు

సముద్రం నడుమ గవ్వదిబ్బ అనే లంక ఉంది. ఈ చివర తుమ్మితే ఆ చివర 'చిరంజీవ' అంటారు, అంత చిన్నది. అయినా అది దేశమే, ఎందుకంటే సర్వారణ్య క్రీడలకు ఏటా జట్టును పంపుతుంది. ఐదుగురి జట్టుతో రిలే పరుగు పూర్తి చేసిన నేల దేశం, చెయ్యలేని నేల పోరంబోకు. పోరంబోకులో ఎవడైనా మేయొచ్చు, ఎవడైనా తవ్వొచ్చు. ఈ నిబంధన పెట్టింది క్రీడల కార్యదర్శి సుబుద్ధి అనే నక్క. ఆ పేరు ఏం చూసి పెట్టారో గానీ, వాడి కన్నంతా గవ్వదిబ్బ ఇసుకలో తాబేళ్లు దాచుకున్న గుడ్ల మీదే.

ఆ ఏడు జట్టుకు పెద్ద మందరమ్మ అనే ముసలి తాబేలు. ఇసుకలో ఉన్న గుడ్లలో ఆమెవీ ఉన్నాయి. వెంట కొండయ్య అనే ఎండ్రకాయ, నల్లమ్మ అనే నీటికాకి, ఓ చుక్కల మేక వచ్చాయి. ఐదోవాడు గంగులు, నీటికుక్క. ఈతకు మించిన లోతు లేదంటారు గానీ, మొన్నటి తుపానులో కొండయ్యను ఒడ్డుకు తోసిన గంగులు తాను మాత్రం తిరిగి రాలేదు.

గవ్వదిబ్బలో ఒక ఆచారం ఉంది. సముద్రం తీసుకున్నవాడి చోటును ఏడాదిపాటు అలాగే ఉంచుతారు. తిండి దగ్గరైనా, నడకలోనైనా ఆ చోట ఇంకెవరూ నిలబడరు. ఏడాది నిండాక వాడు తన దారి చూసుకుని నెమ్మదిగా వెళ్లిపోతాడని వాళ్ల నమ్మకం. అందుకే మేకకూ ఎండ్రకాయకూ మధ్య ఒక సందు వదిలి, జట్టు అడవిలోకి నడిచి వచ్చింది. చూసినవాళ్లంతా నవ్వారు. ఆ సందు కింద నేల తడిగా ఉండటం గమనించిన ఓ ముసలి దుప్పి మాత్రం నవ్వలేదు. అడవిలో వాన పడి చాలా కాలమైంది.

జట్లన్నీ మైదానంలో బారులు తీరాయి. శంఖం ఊదడానికి ఏనుగు సిద్ధంగా ఉంది. శంఖం మోగినప్పుడు వరుసలో ఎవరుంటే వాళ్లే జట్టు. తర్వాత కొత్తవాడు చేరకూడదు, ఉన్నవాడు వదిలి పోకూడదు, పోతే అడవి నుంచి వెలివేస్తారు. కోతులు ఆటగాళ్లను మార్చేస్తున్నాయని సుబుద్ధే పట్టుబట్టి పెట్టించిన నియమం అది.

వాడు నింపాదిగా వచ్చి గవ్వదిబ్బ వరుస ముందు నిలబడ్డాడు. "నలుగురే కనిపిస్తున్నారేం మామ్మా?"

"ఐదుగురం నాయనా. ఆ చోటు మా గంగులుది."

"అక్కడ గాలి తప్ప ఏముంది?"

"వాడున్నాడు. అందులోకి మాత్రం వెళ్లకు."

సుబుద్ధి చుట్టూ చూశాడు. అడవంతా చెవులు రిక్కించి వింటోంది. అలాంటప్పుడు నోరు మూసుకుని పక్కకు పోతే వాడు నక్కెందుకవుతాడు? పేరు గొప్ప ఊరు దిబ్బ అని పెద్దలు ఊరికే అనలేదని ఎగతాళి చేసి, ఆ సందులోకి గెంతి, తోక ఊపుకుంటూ గుండ్రంగా తిరిగాడు. తనకెవరూ తగలడం లేదని అందరికీ చూపించాడు.

మందరమ్మ అబద్ధమాడలేదు. కాకపోతే రెండోసారి వద్దనీ చెప్పలేదు. ఏనుగు వైపు చూస్తూ ఊరుకుంది.

శంఖం మోగింది. ఏనుగు తొండంతో లెక్కపెట్టి, గవ్వదిబ్బ జట్టు ఐదుగురూ సరిపోయారని ప్రకటించింది.

సుబుద్ధికి గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. కానీ నక్క బుర్ర ఎంతసేపు ఊరుకుంటుంది? చివరి వంతు పరుగు తనదేనన్నాడు. పొద్దు గుంకేలోపు గీత దాటకపోతే పరుగు చెల్లదు. రిలే కర్ర చేతికొచ్చాక కదలకుండా కూర్చుంటే చాలు, గుడ్లు తనవే.

మేక బాగానే పరుగెత్తింది. నల్లమ్మ బాతులా ఊగుతూ వెళ్లింది. కొండయ్య అడ్డంగా పోయి పోయి, రెండుసార్లు దారి తప్పాడు. మందరమ్మ వంతు వచ్చేసరికి మిగతా జట్లన్నీ పరుగు ముగించి తిండికి వెళ్లిపోయాయి. మైదానం ఖాళీ అయింది. దూరాన గీత దగ్గర ఏనుగు ఒక్కటే కునుకుతోంది.

ఎండ పచ్చబడుతుండగా మందరమ్మ చేరుకుని కర్ర అందించింది. దుమ్ములో వచ్చిన కర్ర తడిగా ఉంది. సుబుద్ధి దాన్ని పట్టుకుని చతికిలబడ్డాడు. తనకేమీ తొందర లేదన్నాడు.

మందరమ్మకు అంతా అర్థమైంది. ఇసుకలోని గుడ్లు గుర్తొచ్చి ఆమె కళ్లు నిండాయి. నక్కను బతిమాలలేదు. వాడి పక్కనున్న గాలి వైపు తిరిగింది.

"గంగులూ, నావల్ల ఇంతే అయింది నాయనా."

ఉప్పు వాసన వచ్చింది. సుబుద్ధి పక్కన, ఎండిన దుమ్ములో ఒక పాదం అచ్చు పడింది. తడి పాదం, వేళ్ల మధ్య పొర ఉంది. దాని ముందు ఇంకొకటి పడింది. నీళ్లు మింగినవాడు తీసే ఊపిరి నక్క చెవి దగ్గరే వినిపించింది. చేతిలో కర్ర వాణ్ణి మెల్లగా ముందుకు లాగింది.

వదిలేద్దామనుకున్నాడు. వదిలితే కర్ర కింద పడదని, పక్కనున్నవాడి చేతికి పోతుందని, అప్పుడు ఆ చెయ్యి కనిపిస్తుందని భయం వేసింది. కర్రను రెండు చేతులా గుండెకు హత్తుకుని, వెనక కాళ్ల మీదే పరుగు తీశాడు. వాడు ఎంత వేగంగా పోతే తడి అచ్చులు అంత వేగంగా పక్కనే పడుతున్నాయి. సూర్యుడి అంచు ఇంకా కనిపిస్తుండగానే గీత దాటి బోర్లా పడ్డాడు.

ఏనుగు కళ్లు నులుముకుని గవ్వదిబ్బ దేశమేనని ప్రకటించింది. తర్వాత నక్కను అడిగింది, "నీతో పాటు వచ్చినవాడెవడు?"

సుబుద్ధి మందరమ్మ వచ్చేదాకా గీత దగ్గరే పడి ఉండి, ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"మామ్మా, మీవాణ్ణి మీరు తీసుకెళ్లండి."

"ఎలా తీసుకెళ్లను? వాడి చోటు నువ్వు తీసుకున్నావు. ఏడాది నిండితే వెళ్లిపోయేవాడు. చోటు పోయినవాడు ఎక్కడికి పోతాడు నాయనా? ఇక నీతోనే ఉంటాడు."

ఆ మాట అంటూ ఆమె ఏడ్చింది. గుడ్లు దక్కాయి, గంగులు దక్కలేదు. కొండయ్య అయితే ఒడ్డు చేరేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు.

సుబుద్ధి ఇప్పుడు కార్యదర్శి కాదు, గుహ దాటి రావడం లేదు. రోళ్లు పగిలే ఎండల్లో కూడా ఆ గుహలో ఒక పక్క నేల తడిగా ఉంటుందట. వాడు రెండో పక్కకు ఒత్తిగిలి పడుకుంటాడట, ఎప్పుడూ ఆ తడి వైపు తిరగడట.

నీతి: ఖాళీగా కనిపించే చోటు కూడా ఎవరిదో ఒకరిది, అడగకుండా అడుగు పెట్టకూడదు.