రేచప్ప నాయకుడి రాతిద్వారం

నల్లకోటను ఏలే మల్లభూపాలుడికి ఒకనాడు భోజనమయ్యాక ఓ ముచ్చట పుట్టింది. "మన విద్యాపీఠానికి అందరికంటే గొప్ప దానం చేసినవారికి విద్యాదాత అని బిరుదిచ్చి, బంగారు కంకణం తొడుగుతాం" అని చాటింపు వేయించాడు.

మిగతావాళ్లు ఆలోచించుకునేలోపే సామంతుడు రేచప్ప నాయకుడు రంగంలోకి దిగాడు. ఆయన చెడ్డవాడేం కాడు. పేరంటే పడి చస్తాడు, అంతే. మూడు నెలల్లో విద్యాపీఠం ముందు రాతిద్వారం లేపాడు. అంబారీతో సహా ఏనుగు దూరిపోయేంత ఎత్తు. దానిమీద పైనుంచి కిందిదాకా నూటెనిమిది చోట్ల తన పేరే చెక్కించాడు.

రాజు చూసి మురిసిపోయాడు. కంకణానికి ముహూర్తం పెట్టించాడు.

రాజుగారికి తాంబూలం చుట్టి ఇచ్చే ఎర్రసాని కూడా ఆ ద్వారం చూసి వచ్చింది. ఆవిడ చుట్టిన ఆకు కంటే ఆవిడ మాటే ఘాటని కోటలో అనుకునేవాళ్లు. ముహూర్తానికి రెండు రోజుల ముందు విద్యాపీఠం పెద్ద త్రివిక్రమాచార్యులు ఆవిణ్ణి వెతుక్కుంటూ వచ్చాడు.

"ఏం చెప్పమంటావమ్మా? వైద్యం చదివే పిల్లలు నలభైమంది ఉన్నారు. రాసుకోవడానికి తాటాకులు లేవు. గింజలు నిండుకుని ఒంటిపూట గంజి పోస్తున్నాం. పున్నమి దాటితే అందరినీ ఇళ్లకు పంపెయ్యాలి."

"రాజుగారితో చెప్పలేకపోయారా?"

"చెప్పబోయాను. ద్వారం బాగుందా అని అడిగారు. బాగుందన్నాను. మరి ఇంకేం కావాలి అన్నారు."

ఎర్రసానికి నవ్వూ వచ్చింది, దిగులూ వేసింది. నలభైమంది వైద్యులు ఎన్ని ఊళ్లకు అక్కరకొస్తారు! కాసేపు ఆలోచించి, "ముహూర్తం నాడు ముగ్గురు పిల్లల్ని సభకు తీసుకురండి. ముందు నేను వాళ్లతో ఒక్క మాట చెప్పాలి" అంది.

ఆ రోజు సభ కిటకిటలాడింది. రేచప్ప నాయకుడు కొత్త పట్టుపంచె కట్టుకుని, కంకణం కోసం ముంజేయి ముందుకు పెట్టుకుని కూర్చున్నాడు.

ఎర్రసాని రాజుకు తాంబూలం అందిస్తూ, "ప్రభూ, దానం ఎంత గొప్పదో పిల్లల చదువులో తెలుస్తుందంటారు. కంకణం తొడిగేముందు వీళ్లను తలా ఒక ప్రశ్న అడిగితే నాయకులవారికి మరింత కీర్తి కదా?" అంది.

కీర్తి అనేసరికి నాయకుడి మొహం వెలిగింది. "అడగండి ప్రభూ, తప్పకుండా అడగండి" అన్నాడు.

రాజు మొదటి కుర్రాణ్ణి చూశాడు. "చలిజ్వరానికి మందేమిటి?"

"రేచప్ప నాయకుడు" అన్నాడు వాడు చేతులు కట్టుకుని.

రాజు కనుబొమలు ముడిచి రెండోవాడి వైపు తిరిగాడు. "మనిషి ఒంట్లో ఎముకలెన్ని?"

"రేచప్ప నాయకుడు."

సభలో కిసుక్కుమన్నారు. రాజుకు ఒళ్లు మండింది. "ఇదైనా చెప్పు" అన్నాడు మూడోవాడితో. "ఈ రాజ్యాన్ని ఏలేదెవరు?"

"రేచప్ప నాయకుడు."

నవ్వులు ఠక్కున ఆగిపోయాయి. నాయకుడికి చెమటలు పట్టాయి. గబగబా లేచి దండం పెట్టాడు. "ప్రభూ, నేను తమ ఉప్పు తిన్నవాణ్ణి. ఈ పిల్లలకు బొత్తిగా చదువు రాదు. ఎవరు నేర్పారయ్యా వీళ్లకిది?"

రాజు ఆచార్యుల వైపు చూశాడు. ఆయన ఎర్రసాని వైపు చూశాడు. ఎర్రసాని నెమ్మదిగా అంది:

"పీఠంలో ఒక్క తాటాకు లేదు ప్రభూ. నాయకులవారు రాతిమీద ఏం రాయించారో పిల్లలు అదే చదువుకున్నారు."

రాజు నోట్లో తాంబూలం ఉందన్న సంగతే మరిచి పగలబడి నవ్వాడు. సభంతా నవ్వింది. అందరికంటే ఆలస్యంగానైనా, గుండె కుదుటపడ్డాక నాయకుడూ నవ్వాడు.

"నా రెండు ఊళ్ల పంట ఏటేటా పిల్లల భోజనానికే ఇస్తాను ప్రభూ. బండ్లమీద తాటాకులు రేపే పంపిస్తాను" అన్నాడు.

"వైద్యం చెప్పే గురువుల జీతాలు మావి" అన్నాడు రాజు. "ఇప్పుడు నువ్వు నిజంగా దాతవయ్యావు నాయకా, కంకణం నీదే. ఈ సంగతి శాసనం చెక్కిద్దామా?"

"చెక్కించండి ప్రభూ" అన్నాడు నాయకుడు చెమట తుడుచుకుంటూ. "నా పేరు మాత్రం వద్దు."

మళ్లీ నవ్వులు. రాజు నవ్వుతూనే మెడలోని ముత్యాలహారం తీసి ఎర్రసాని చేతిలో పెట్టాడు.