ఉలవచారు కుండ మూత

అనగనగా ఒక ఊళ్ళో ఒక అత్త, ఆవిడకి ముగ్గురు కోడళ్ళు. అత్త మంచిదా కాదా అని ఇప్పుడే అడగకు. ముందు ఆ కాళ్ళు దుప్పట్లో పెట్టుకుని విను.

ఆ ఇంట్లో ఏటా నూర్పిళ్ళు అయ్యాక కృతజ్ఞత కూడిక పెట్టేవారు. గింజ ఇంటికొచ్చింది, దేవుడికి వందనాలు చెప్పుకోవాలి కదా! పాస్టరుగారూ చుట్టాలూ వచ్చేవారు. కోడళ్ళు తలా ఒక వంట చెయ్యాలి. ప్రార్థనకి ముందు అత్త ఒక్కో మూతా తీసి, ఇది ఫలానా కోడలి చేతి వంట అని అందరికీ వినపడేలా చెప్పాలి. అది ఆ ఇంటి పద్ధతి. ఆ ఒక్క మాట కోసం కోడళ్ళు ఏడాదంతా ఎదురుచూసేవారు.

పెద్దకోడలిది గోంగూర మాంసం. నడిపి కోడలిది చేపల పులుసు. ఆ తర్వాత చిన్నకోడలు వచ్చింది. లేనింటి పిల్ల. దాని చేతి వంటంటే ఉలవచారే. ఉలవలు నానబోసి, ఉడకబెట్టి, ఆ నీళ్ళు వార్చి, చింతపండు పులుసు పోసి మట్టికుండలో చిక్కబడేదాకా కాచేది. వార్చగా మిగిలిన గింజలు గేదెలకి పెట్టేది. పొద్దున్నే పొయ్యెక్కిన కుండ దీపాలవేళకి గానీ దిగేది కాదు.

మొదటి ఏడు అత్త రెండు మూతలు తీసింది, రెండు పేర్లు చెప్పింది. మూడో కుండ దగ్గరకి వచ్చేసరికి పట్నం వియ్యపురాలు "ఇదేంటి వదినగారూ?" అంది. అత్తకి నామోషీ వేసింది. "ఏం లేదులెండి, పశువులకి ఉడకేసిన ఉలవలు" అని కుండని తలుపు చాటుకి నెట్టేసింది. మర్నాడు మాత్రం అదే చారు, వెన్నపూస వేసుకుని మూడుసార్లు కలుపుకు తింది. సిగ్గు లేకపోతే సరి!

రెండో ఏడు చిన్నది మళ్ళీ తెచ్చింది. మొండిది మరి! అత్త దాని మూత తియ్యనే లేదు. కానీ వడ్డనలో ఎవరో వేశారు. అప్పుడు పాస్టరుగారు ముద్ద మింగి, "ఎంత కమ్మగా ఉందమ్మా, ఎవరి చేతిది?" అన్నారు. "మా పెద్దకోడలిదండీ" అనేసింది అత్త. లేనింటి పిల్లకి అంత పేరొస్తే నెత్తికెక్కుతుందని అత్త భయం. పెద్దది పైట సర్దుకుని నవ్వింది. చిన్నది మజ్జిగ గరిటె పట్టుకుని అక్కడే ఉంది, అంతా వింది.

ఆ తర్వాత వేసవిలో అత్తకి టైఫాయిడ్ వచ్చింది. పెద్దదీ నడిపిదీ గుమ్మంలోంచే పలకరించిపోయారు. చిన్నదే ఒళ్ళు తుడిచింది, జావ తాగించింది. పథ్యం విడిచిన రోజున ఉలవచారు అన్నం ముద్దలు చేసి నోట్లో పెట్టింది. అప్పుడనుకుంది అత్త, ఈ ఏడు కూడికలో ముందు దీని పేరే చెప్పాలని.

మూడో ఏడు సరాసరి ఆ కుండ దగ్గరకే వెళ్ళింది. "ఇది మా చిన్నకోడలి చేతి ఉలవచారు! దీనంత వంటగత్తె మా ఇంట్లో లేదు" అని మూత తీసింది. లోపల చారు లేదు. చారు వార్చేసిన గింజలున్నాయి.

"ఇదేంటే?" అంది అత్త.

"పశువులకి ఉడకేసిన ఉలవలు అత్తయ్యా. మీరు చెప్పినవే" అంది చిన్నది. గొంతు కూడా పెంచలేదు. పాస్టరుగారు పాపం గబగబా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టేశారు.

ఆ నెలలోనే చిన్నకొడుకూ కోడలూ వేరు కాపురం పెట్టారు, రెండు వీధుల అవతల. అత్త మూడుసార్లు వాళ్ళ గుమ్మం తొక్కింది. కోడలు కుర్చీ వేసింది, కాఫీ ఇచ్చింది, మర్యాదకేం లోటు చెయ్యలేదు. తప్పయిందమ్మా అన్న మాట మాత్రం అత్త గొంతు దాటలేదు. ముసలి పొగరు, తగలెయ్య!

ఎందుకే అలా చూస్తావు? అవును, ఆ అత్తని నేనే. చర్చిలో నీకు జామకాయలిచ్చే సలోమి పిన్ని మనింటికెందుకు రాదని పొద్దున అడిగావుగా, ఆ చిన్నకోడలు అదే. అందుకు. పేరు చెప్పాల్సిన రోజున చెప్పలేదు, చెప్పిన రోజున కుండలో చారు లేదు. ఇక కళ్ళు మూసుకో.

చారేమో కుండకి, గింజేమో గేదెకి,
పేరు పెద్దదానికి, ఏడుపు చిన్నదానికి,
కథ పోయె కంచికి, మనమొస్తిమి ఇంటికి,
సలోమి రాదింక నా గుమ్మానికి.