లాంచీ తాగిన నీళ్లు

1969వ సంవత్సరం, చలి మొదలయ్యే రోజులు. తుఫాను వెళ్లిపోయిన పదకొండో నాడు నూకరాజు కష్టం నీళ్లమీద తేలుతూ వచ్చింది.

తాళ్లరేవు దిగువన, పాయ ఒడ్డున, పడవలు కట్టే దొడ్డి ఒకటి ఉండేది. దానికి బుల్లెయ్య మేస్త్రి పెద్ద. నూకరాజు ఆయన దగ్గర పద్దెనిమిదేళ్లుగా పని చేస్తున్నాడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం కూలీలంతా అన్నాలకి పోయారు. నూకరాజు ఒక్కడే ఒడ్డున కూర్చుని కొయ్య చెక్కే బాడిస నూరుకుంటున్నాడు. పాయలో అది పాటు వేళ. నీళ్లన్నీ సముద్రంవైపు దిగిపోతున్నాయి. దిగిపోయే ఆ నీళ్లకి ఎదురుగా, ఇంజను చప్పుడు లేకుండా, తెడ్డు వేసే మనిషి లేకుండా, తెల్లటి లాంచీ ఒకటి మెల్లగా వచ్చింది. దొడ్డి ఒడ్డుకి ముక్కు ఆనించి ఆగింది.

అది ఆ ప్రాంతపు జమీందారు రాయణింగారి షికారు లాంచీ. నలభై ఏళ్ల కిందట ఆ దొడ్డిలోనే టేకుతో కట్టింది. తుఫానులో మోకు తెంపుకుని సముద్రంలోకి పోయింది. కాపలా ఉన్న అప్పలకొండ కూడా దాంతోనే పోయాడు. లాంచీ మీద, మనిషి మీద అంతా ఆశ వదులుకున్నారు.

నూకరాజు పైకెక్కాడు. గది తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది. పిలిచాడు. పలుకు లేదు. గడియ ఊడగొట్టి చూస్తే లోపల మనిషి లేడు. నీళ్ల కుండ ఒకటి బోర్లా పడి ఉంది. తిప్పి చూశాడు. లోపలంతా ఎవరో నాకినట్టు, చెమ్మ అన్నదే లేకుండా పొడిగా ఉంది.

అతను కుండని అక్కడే పెట్టి దిగిపోయాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు రాయణింగారు కారులో వచ్చారు. లాంచీని ఒడ్డుకి లాగించి దుంగల మీద నిలబెట్టారు. పైకప్పు లేచిపోయింది. చుక్కాని లేదు. ఇంజనులో ఇసుక. కుడిపక్క, నీటిగీతకి జానెడు పైన, రెండు పలకలు చీలాయి.

"మా తాతగారు చేయించింది మేస్త్రీ," అన్నారు రాయణింగారు. "బాగవుద్దంటే బాగు చెయ్యండి. లేదంటే విప్పెయ్యండి. నాన్చకుండా ఏదో ఒకటి చెప్పండి."

ఆ దొడ్డిలో దెబ్బతిన్న పడవకి తీర్పు చెప్పడం అంటే చిన్న పని కాదు. చెప్పేవాడు కొయ్య సుత్తితో పడవంతా కొట్టి చూసుకుంటాడు. తర్వాత ఆ సుత్తి పడవ ముక్కు మీద పెట్టి, బతుకుద్ది అనైనా అంటాడు, విప్పెయ్యండి అనైనా అంటాడు. బతుకుద్ది అన్నవాడు బాగుచేసిన పడవ మొదటి ప్రయాణంలో పెళ్లాం బిడ్డల్ని ఎక్కించుకుని పాయ సముద్రంలో కలిసే మొగదాకా పోయి రావాలి. అన్న మాట వెనక్కి తీసుకుంటే, ఇక బతికినంతకాలం మరో పడవకి తీర్పు చెప్పకూడదు. తీర్పు చెప్పలేనివాణ్ణి ఎవరూ మేస్త్రి అనరు.

బుల్లెయ్య తన సుత్తిని నూకరాజు చేతిలో పెట్టాడు.

"ఈసారి నువ్వు చెప్పరా," అన్నాడు.

పద్దెనిమిదేళ్లు ఎదురుచూసిన మాట అది. నూకరాజు గుండె ఒక్కసారి పొంగింది. దొర ఎదురుగా ఉన్నాడు. కూలీలంతా పని ఆపి చూస్తున్నారు. పాటుకి ఎదురీది పుట్టిన చోటికి వచ్చిన లాంచీ చావడమేమిటి అనుకున్నాడు. లాంచీ చుట్టూ ఒక్కసారి తిరిగాడు. టేకు పలకలు కంచులా మోగాయి. లోపలికి దిగలేదు. గదిలోకి మళ్లీ పోవడానికి కాళ్లు రాలేదు. సుత్తి తీసుకెళ్లి ముక్కు మీద పెట్టాడు.

"బతుకుద్ది," అన్నాడు.

రాయణింగారి మొహం విప్పారింది. 

"అయితే దానికి నీళ్లు పొయ్యి," అన్నాడు బుల్లెయ్య, అంతే.

అదీ ఆ దొడ్డి పద్ధతే. ఒడ్డున ఉన్న పడవ కడుపులో నీళ్లు పోసి, బయట ఎక్కడ కారుతుందో చూసి, అక్కడ దూది, గుగ్గిలం పెడతారు. నీటిలో ఉన్నప్పుడు బయట ఏ ఎత్తున నీళ్లుంటాయో, లోపల ఆ ఎత్తుదాకా పోస్తారు. నలుగురు కూలీలు రెండు రోజులు మోసి పోశారు. నూకరాజు లోపలి గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. లాంచీ కింద నేలంతా జల్లించిన బూడిద పరిచాడు. చుక్క పడితే తెలుస్తుందని.

మర్నాడు చూస్తే బూడిద మీద పిట్ట కాళ్ల అచ్చులు తప్ప ఏమీ లేవు. చుక్క పడలేదు. నూకరాజు నవ్వుకుంటూ నిచ్చెన ఎక్కి లోపలికి తొంగి చూశాడు.

నీళ్లు గీతకి నాలుగు వేళ్లు కిందికి దిగాయి.

కిందికి దిగి మళ్లీ బూడిద చూశాడు. పలకల అతుకులు చేత్తో తడిమాడు. అన్నీ పొడిగా ఉన్నాయి. ఎండిన కొయ్య కదా, నీళ్లు పీలుస్తుంది, ఒక రోజు, రెండు రోజులు పీల్చి, ఉబ్బి, ఆగుతుంది అనుకున్నాడు. అది నిజమే. ఏ కొయ్యైనా అంతే చేస్తుంది.

మూడో రోజూ నాలుగు వేళ్లే దిగాయి. నాలుగో రోజూ అంతే.

ఐదో రోజునుంచి నూకరాజు తెల్లవారకుండానే లేచి దొడ్డికి పోయేవాడు. మేస్త్రి వచ్చేలోపల పాయలోంచి నలభై బిందెలు మోసి గీతదాకా నింపేవాడు.

"పడవకి పాలిస్తున్నావేటయ్యా?" అంది పెళ్లాం అచ్చియ్యమ్మ. "పిల్ల పుట్టినప్పుడు ఒక్క రోజూ లేవలేదు ఇంత పొద్దున్నే."

"నీకు తెలవదు. ఊరుకో."

"నాకు తెలవదు సరే. ఆ భుజాలేటి, అలా కమిలిపోయాయి?"

 నూకరాజు చెంబెత్తి నీళ్లు తాగాడు. ఈ మధ్య ఎంత తాగినా అతనికి దాహం తీరడం లేదు.

బుల్లెయ్య రోజూ పొద్దున వచ్చి ఒకే మాట అడిగేవాడు.

"ఎంత దిగిందిరా?"

"దిగలేదు మేస్త్రీ."

ఒకరోజు మేస్త్రి పాయనుంచి లాంచీదాకా తడిసి ఉన్న దారి చూశాడు.

"మంచు బాగా కురిసినట్టుంది," అని చుట్ట ముట్టించుకుని పోయాడు.

ఏడో రోజు మధ్యాహ్నం అచ్చియ్యమ్మ అన్నం పట్టుకొచ్చింది. వెంట ఆరేళ్ల కూతురు మణి వచ్చింది. గాలి లేదు. పాయ అద్దంలా ఉంది. కాకి కూడా అరవడం లేదు. నూకరాజు లాంచీ నీడలో కూర్చుని ముద్ద కలుపుతున్నాడు. మణి లాంచీ పక్కకి చెవి ఆనించి నిలబడింది.

"నాన్నా, లోపల ఎవరో నీళ్లు తాగుతున్నారు."

"గాలి తల్లీ."

"గాలికి గొంతు ఉంటదా?"

నూకరాజు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. అతనికీ వినపడింది. గుటక. కాసేపు ఆగి, మళ్లీ గుటక. తీరిగ్గా తాగే గుటక కాదది. చాలా రోజులు నీళ్లు లేని మనిషి కుండెత్తి తాగే గుటక.

అచ్చియ్యమ్మ పిల్లని చెయ్యి పట్టి లాగి ఇంటికి తీసుకుపోయింది. ఆ పూట నూకరాజు అన్నం తినలేదు. అయినా మర్నాడు తెల్లవారకుండా లేచి నలభై బిందెలు పోశాడు. మాట వెనక్కి తీసుకున్నవాడని దొడ్డంతా అనుకోవడం తలుచుకుంటే, ఆ గుటకే నయమనిపించింది.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం రాయణింగారు మళ్లీ వచ్చారు.

"మాఘ పౌర్ణమికి ముహూర్తం కుదిరింది మేస్త్రీ. మొదటి ప్రయాణం నూకరాజు కుటుంబంతో అన్నారు కదా. రంగులు వేయించమంటారా?"

"వేయిద్దురుగాని బాబుగారూ," అన్నాడు బుల్లెయ్య. "ముందు పిల్ల కూర్చునే చోటు చూసుకోవాలి."

ఇంటికి కబురు పంపాడు. అచ్చియ్యమ్మ మణిని తీసుకుని వచ్చింది గాని చెయ్యి వదల్లేదు.

"ఎందుకు మేస్త్రిగారూ?"

"నా చెయ్యి ఉంటదమ్మా దానికి. వదులు."

ముసలాయన పంచె ఎగ్గట్టి, నిచ్చెన ఎక్కి, ముందు తను లాంచీ లోపలికి దిగాడు. తర్వాత రెండు చేతులూ చాచి పిల్లని అందుకున్నాడు. గదిలో అడుగు చెక్కలు తీసేసి ఉన్నాయి. మెల్లగా పిల్లని నీళ్లలోకి దించి అడుగు దూలం మీద నిలబెట్టాడు. రెండు చేతులూ విడవకుండా పట్టుకున్నాడు. నూకరాజు, రాయణింగారు పైనుంచి చూస్తున్నారు.

"నీళ్లు ఎందాకా ఉన్నాయమ్మా?"

"గెడ్డందాకా తాతా."

బుల్లెయ్య తలెత్తి శిష్యుడి వంక చూడలేదు. పిల్ల గెడ్డం వంకే చూస్తూ అన్నాడు.

"సముద్రంలో ఇవి బయట ఉండాల్సిన నీళ్లు."



అప్పుడు గుటక వినపడింది. రాయణింగారు ఉలిక్కిపడి వెనక్కి చూశారు. మళ్లీ గుటక. పిల్ల గెడ్డం దగ్గరున్న నీళ్లు అందరూ చూస్తుండగా గొంతు కిందికి దిగాయి. అల లేదు. సుడి లేదు. దిగాయి, అంతే.

మణి ఏడవలేదు. వింతగా కిందికి చూసింది.

"తాతా, నా కాళ్ల కింద ఎవరో నోరు పెట్టారు."

బుల్లెయ్య మొహం పాలిపోయింది. ఆయన కూడా ఇంత అనుకోలేదు. పిల్లని ఒక్క ఊపున పైకెత్తి తల్లికి అందించాడు. తను కూడా ఎక్కి వచ్చి, ఆయాసపడుతూ లాంచీ అంచుమీద కూర్చున్నాడు.

 అచ్చియ్యమ్మ పిల్ల పాదాలు చీర చెంగుతో తుడుస్తోంది. ఎంత తుడిచినా ఆపడం లేదు.

నూకరాజు నిచ్చెన దిగాడు. మేస్త్రి సుత్తి తెచ్చి, లాంచీ ముక్కు దగ్గర నిలబడ్డాడు. కూలీలంతా చూస్తున్నారు. పద్దెనిమిదేళ్ల పని చూస్తోంది.

"విప్పెయ్యండి," అన్నాడు.

"అదేమిటోయ్!" అన్నారు రాయణింగారు. "మొన్న బతుకుద్దన్నది నువ్వే కదా?"

"తప్పు చెప్పానండి. నీళ్లు దిగుతున్నాయండి. రోజూ నలభై బిందెలు నేనే పోశానండి."

"మరి ముందే చెప్పొచ్చు కదయ్యా?"

నూకరాజు తల దించుకున్నాడు. 

రాయణింగారు బుల్లెయ్య వైపు తిరిగారు.

"మీరు చెప్పండి మేస్త్రీ. ఇంతకీ ఏది నిజం? పెద్దవారు, మీ మాట వింటాను."

"నన్నడక్కండి బాబుగారూ. తీర్పు వాడిది." బుల్లెయ్య మెల్లగా దిగివచ్చి, నూకరాజు చేతిలోంచి సుత్తి తీసుకుని పంచెతో తుడిచాడు. "ఇప్పుడు చెప్పావురా తీర్పు," అన్నాడు.

 నూకరాజు కళ్లు తుడుచుకుని, గునపం వెతుక్కుంటూ పోయాడు.

మిగిలిన నీళ్లు తోడేసి లాంచీని విప్పడానికి పదకొండు రోజులు పట్టింది. పైనున్న టేకు పలకలు కొత్తవాటిలా ఉన్నాయి. వాటిని లోపలినుంచి పట్టి ఉంచే వంపు కొయ్యలు పట్టుకుంటే ముక్కుపొడుంలా రాలిపోయాయి. అన్ని రోజులు పోసిన నీళ్లలో ఒక్క చుక్క చెమ్మ కూడా ఆ పొడికి అంటలేదు. అప్పలకొండ శవం ఎక్కడా దొరకలేదు.

నూకరాజు ఆ దొడ్డిలో మరో ఇరవై తొమ్మిదేళ్లు కూలీగా పని చేశాడు. మరే పడవకీ తీర్పు చెప్పలేదు. అతన్ని ఎవరూ మేస్త్రి అని పిలవలేదు.